కొండెక్కడానికి మంచి నెల

మహేంద్రగిరి ఎక్కడానికి మాకు పట్టింది ఒక పూట. ఏ నెలలో ఎక్కాలో తేల్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది. పలాసలో మా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఉత్తరాన రోజూ కనిపించే కొండ అది. ఇంటి ఎదురుగా ఉన్న కొండకి ఇంత ఆలోచన దేనికని అడుగుతారేమో, నన్ను మాత్రం అడక్కండి. ఆలోచించింది నేనే.

నేను టెక్కలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. నైరుతి ఋతుపవనాలు ఎప్పుడొస్తాయో, ఎటు తిరుగుతాయో, ఎప్పుడు వెనక్కి పోతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అందుకని మా ఇంట్లో వాతావరణ శాఖ నాది. మా ఆయనకి కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఆయనది తిండి శాఖ. ఈ పంపకం పెళ్ళైన కొత్తలో జరిగింది, ఇప్పటిదాకా ఎవరూ ఎదురు చెప్పలేదు.

కొండ సంగతి మొదలుపెట్టింది మా మావ. మా అమ్మకి తమ్ముడు, సముద్రం ఒడ్డున డొంకూరులో ఉంటాడు. పన్నెండో ఏట పడవెక్కాడు, అరవై ఆరొచ్చినా దిగలేదు. ఒక రోజు ఎండుచేపల సంచీ పట్టుకుని మా ఇంటికొచ్చి, అన్నం తిని, మేడ మీదికెళ్ళి ఆ కొండని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఒలే గుంటా, ఇలా రా. సముద్రం లోపలికెల్లాక మాకు గురుతు ఈ కొండే. దీని కొమ్ము మా ఊరి తాటిసెట్ల మీదికొచ్చిందంటే కింద సేప ఉన్నట్టే లెక్క. ఏబయ్యేళ్ళు కింద నుండి దీన్నే సూసినాను. ఒక్కసారి దీని మీదికెక్కి, అక్కడ నుండి నా సముద్రం ఎలాగుంటాదో సూడాల."

నాకు నలభై ఎనిమిదేళ్ళు. మావకి ఇంకా గుంటనే, చిన్నపిల్లనే. ఆ మాటకి నాకు కోపం రాదు, పైగా స్కూల్లో అందరి చేతా మేడమ్ అనిపించుకుని ఇంటికొచ్చాక అలా పిలిస్తే కడుపు నిండినట్టుంటుంది.

ఇప్పుడే ఎందుకు మావా అంటే అసలు సంగతి చెప్పాడు. ఎముకల డాక్టరు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయన్నాడట. ఇంకో రెండు మూడేళ్ళు నడవొచ్చు, ఆ తర్వాత మెట్లెక్కడం కూడా కష్టమేనన్నాడట.

"కాళ్ళున్నప్పుడే ఎల్లిపోవాల. వచ్చే వారం ఎల్లిపోదుమా?" అన్నాడు మావ.

"అలా ఎలా మావా? కాలం చూసుకోవద్దూ?" అన్నాను నేను.

అప్పుడు నా నోరు ఎవరైనా మూసి ఉంటే బాగుండేది. మావ మాత్రం తలూపి, "నీ ఇట్టం. సదువుకున్నదానివి" అని లుంగీ సర్దుకుని బస్సుకెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గరే మా ఆయన తేల్చేశాడు. "వానాకాలం. కొండంతా పచ్చగా ఉంటాది. మబ్బులు కాళ్ళ కింద నుండి పోతుంటాయి. ఇంక ఆలోచనేటి?" వానాకాలంలో జీడిపిక్కలు ఎండవు, వాటిని ఆరబోసే కళ్ళం ఖాళీగా ఉంటుంది, ఆయన కుర్చీలో కూర్చుని వీడియోలు చూస్తుంటాడు. అదన్నమాట పచ్చదనం వెనక సంగతి. జారుడు, జలగలు, పిడుగులు అని నేను ఒక్కొక్కటే చెబుతుంటే ఆయన అప్పడం నములుతూ విన్నాడు.

నేను మే నెల అన్నాను. పగటి పొద్దు ఎక్కువ, దారి పొడిగా ఉంటుంది, సూర్యుడు కర్కట రేఖ వైపు వస్తుంటాడు. "సూర్యుడొస్తాడని నువ్వే సెప్తన్నావు, మరి మనం ఎందుకెల్లడం?" అన్నాడు మా ఆయన. మేలో నాకు వేసవి సెలవులు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ తిండి శాఖవాడు వాతావరణంలో వేలు పెట్టడమేమిటని ఆ పూట నేను పెరుగు వడ్డించలేదు.

సరే, నలుగురినీ అడుగుదామని బయల్దేరాను. నాకు అడగడం బాగా వచ్చు. మా సంఘం పాస్టరు గారు డిసెంబరు మాత్రం తలపెట్టొద్దన్నారు, క్రిస్మస్ క్యారల్స్‌కి అందరూ కావాలట. ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం నలభై దినాలైతే శ్రేష్ఠమట. కొండ, ఉపవాసం, ప్రార్థన, అన్నీ కలిసొస్తాయన్నారు. ఉపవాసమన్న మాట వినగానే మా ఆయన గోడకి ఆనుకున్నాడు. కొండ మీద ఉపవాసముంటే కొండ దిగేది ఆయన కాదట, ఆయన ఫొటో అట.

పక్కింటావిడ శివరాత్రి అంది. ఆ రోజు కొండ మీద జాతరకి వేలమంది ఎక్కుతారు, తోడుంటుంది, పడిపోయినా ఎవరో ఒకరి మీద పడతారు. శివరాత్రి రోజుల్లో నాకు పదో తరగతి పిల్లల స్పెషల్ క్లాసులు. మా స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు చలికాలం అన్నాడు, వెంటనే మళ్ళీ, "కానీ ఏనుగులుంటాయి మేడమ్" అన్నాడు. కంచిలి నుంచి వచ్చే తెలుగు టీచరు ఏనుగులు కాదు, ఎలుగుబంట్లు అంది. జీడిమామిడి పళ్ళప్పుడు తోటల్లోకి వస్తాయట, పనసపళ్ళప్పుడు ఊళ్ళోకే వస్తాయట. "మరి అవి రాని నెల ఏది?" అంటే ఆవిడ కాసేపు ఆలోచించి, "వాటినే అడగాల మేడమ్" అంది.

చివరికి కాలెండరు మీద రంగు పెన్నులతో గీతలు పెట్టడం మొదలుపెట్టాను. నాకు పనున్న రోజులకి ఎరుపు, ఆయనకి పనున్న రోజులకి ఆకుపచ్చ, వానకి నీలం, తుపానుకి రెండు నీలాలు, ఎలుగుబంటికి నలుపు. మొదటి ఏడాది అయ్యేసరికి ఖాళీగా మిగిలింది ఫిబ్రవరిలో ఒక మంగళవారం. ఆ మంగళవారం మా ఆడపడుచు కూతురికి పెళ్ళిచూపులు పడ్డాయి.

అయితే మేం ఊరికే కూర్చోలేదు. సిద్ధపడుతూనే ఉన్నాం. మా ఆయన తాడు కొన్నాడు. దేనికండీ అంటే, కొండన్నాక తాడుండాలన్నాడు. కొండ మీద చలి వేస్తుందని కొట్టువాడు చెబితే మంకీ క్యాప్ కొన్నాడు. నేను బూట్లు కొన్నాను. సాధన కోసమని ఆదివారం ఉదయాలు పలాస స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి ఎక్కి దిగుదామన్నాను. ఆయన రెండుసార్లు ఎక్కాడు, రెండుసార్లూ దిగిన వైపున ఇడ్లీ కొట్టు ఉంది. మూడో వారం నుంచి ఫుట్‌బ్రిడ్జి మానేసి నేరుగా ఇడ్లీ కొట్టుకే వెళ్ళాడు.

మావ మధ్యమధ్యలో వస్తూనే ఉన్నాడు. మా ఇల్లు రెండో అంతస్తులో ఉంది. మొదటి ఏడాది గబగబా ఎక్కొచ్చేవాడు. రెండో ఏడాది మెట్ల మలుపు దగ్గర ఆగి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడేవాడు. ఎవరితో మావా అంటే, "రాంగు నెంబరు" అనేవాడు. వచ్చినప్పుడల్లా రాంగు నెంబరే. మూడో ఏడాది కింద వాచ్‌మన్ మంచం మీద కూర్చుని ఫోన్ చేసి, "కిందకి రండే, ఇక్కడ గాలి బాగుంది" అన్నాడు. నేను నవ్వుకుంటూ టీ పట్టుకుని కిందికి దిగాను. ఆ రోజు నాకు గాలే తగిలింది, ఇంకేమీ తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న అడిగేవాడు. "తేలిందేటే?"

"తేలుతోంది మావా. తొందరపడితే పాడవుతుంది."

"మీ ఇట్టం. మీరెప్పుడంటే అప్పుడే" అనేసేవాడు.

మూడో ఏడాది మే నెలలో అద్భుతం జరిగింది. ఫ్యాక్టరీలో ఏదో మోటారు కాలిపోయి మూడు రోజులు పని ఆగింది. నాకు సెలవులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు వేట నిషేధం ఉంటుంది కదా, మావ కూడా ఒడ్డునే ఉన్నాడు. కాలెండరు మీద మూడు చదరాలు తెల్లగా మెరిశాయి. వెంటనే ఫోన్ చేశాను.

"మావా, ఎల్లుండి!"

"ఈ నెల్లోనేటి?" అన్నాడు.

"అన్నీ చూసి తేల్చాను మావా. ఇంతకంటే మంచి రోజు లేదు."

"అలాగే" అన్నాడు.

తెల్లవారుతుండగా జీపులో మందస దాటాం. తిండి శాఖ పనితనం అప్పుడు బయటపడింది. పులిహోర, కోడి వేపుడు, ఇరవై ఉడకబెట్టిన గుడ్లు, వీటికి తోడు ఒక నిండు పనసపండు. కొండ కింద ఊరివాళ్ళకి చేతిలో ఏమీ లేకుండా ఎలా కనిపిస్తామని ఆయన వాదన. జీపు ఆగిన చోట చుట్టూ చూస్తే ప్రతి చెట్టుకీ మొదలు నుంచి పనసకాయలే. అంత మోసుకొచ్చింది ఇవ్వడానికి ఆయనకి సిగ్గేసింది. జీపులో వదిలేస్తే ఎలుగుబంటి వస్తుందని భయమేసింది. అలా ఆ పనసపండు కూడా ఆయన భుజం మీద మాతో కొండెక్కింది.

ఎండ ఏడు గంటలకే వీపు మీద కూర్చుంది. నా బూట్లు మూడేళ్ళు డబ్బాలో ఉండిపోయాయి కదా, మొదటి మలుపులోనే ఎడమ బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. మా ఆయన కొన్న తాడు అప్పుడు పనికొచ్చింది, దాన్ని కోసి బూటుకి కట్టుకున్నాను. ఆయన ఎంత గర్వపడ్డాడో చెప్పలేను. "సూసినావా? కొండన్నాక తాడుండాల!" అని మిగిలిన దారంతా అదే పాట.

ఎదురుగా ఒక ముసలామె కట్టెల మోపుతో, కాళ్ళకి హవాయి చెప్పులతో దిగుతోంది. మమ్మల్ని చూసి ఆగింది.

"ఆవు తప్పిపోనాదేటమ్మా?"

"లేదమ్మా, ఊరికే ఎక్కుతున్నాం."

"ఊరికే?"

"ఊరికే."

ఆమె మా ఆయన నెత్తి మీది మంకీ క్యాప్‌నీ, పనసపండునీ, తాడు కట్టిన నా బూటునీ వరసగా చూసింది. పాపం ఏమైందో అనుకున్నట్టుంది, తన సీసాలో నీళ్ళు మాకిచ్చింది. సముద్రం ఎక్కడి నుంచి కనిపిస్తుందని అడిగితే, మరీ శిఖరం దాకా అక్కర్లేదని, పైన ఒక నున్నటి బండ ఉందని, అక్కడికి ఇంకో అరగంట నడకని చెప్పింది.

ఆ అరగంట మావ వల్ల కాలేదు. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు. ఫోన్ తీద్దామని జేబులో చెయ్యి పెట్టాడు, మళ్ళీ ఖాళీ చెయ్యే బయటికి తీశాడు. ఒక రాయి చూసుకుని దాని మీద కూర్చుని రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పడవలో నిలబడి అలల మీద వల విసిరే మనిషి. అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, మా ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక గుడ్ల సంచీ వెతికాను.

"నానిక్కడుంటాను. నువ్వెల్లి సూసి రా. సూసింది సూసినట్టు సెప్పు" అన్నాడు మావ.

"నేను తోడుంటాను" అన్నాడు మా ఆయన వెంటనే, పనసపండు దింపుతూ.

నేను ఒక్కదాన్నే ఎక్కాను. ఆ బండ దొరికింది. దాని మీద నిలబడి తూర్పుకి చూశాను. కింద కొంతమేర జీడితోటలు, ఆపైన కొబ్బరితోటలు, ఆపైన తెలుపు. పాలలో నీళ్ళు కలిపినట్టు, అదీ మా పాలవాడు కలిపినన్ని. ఆకాశమేదో నేలేదో తెలియలేదు. సముద్రం ఉండాల్సిన చోటు అంతా ఆవిరి. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను, కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను, ఎండలో ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఫోన్లో ఫొటో తీస్తే తెల్ల కాగితం వచ్చింది.

దిగుతూ అనుకున్నాను, మావకి ఈ మాట ఎలా చెప్పడం? మూడేళ్ళు ఆగి, అరిగిన మోకాళ్ళతో ఇక్కడిదాకా వచ్చాడు. ఒక అబద్ధం ఆడితే పోయేదేముంది? తరగతిలో నేను చూడని ఆల్ప్స్ పర్వతాల గురించి ముప్పావుగంట చెబుతాను, సముద్రం గురించి చెప్పలేనా?

"కనిపించింది మావా!" అన్నాను దూరం నుంచే.

మావ ముఖం పైకెత్తాడు. "ఎలాగుందే?"

"బ్రహ్మాండంగా ఉంది. నీలంగా."

"ఒడ్డు కాడ నీలవా, లోపల నీలవా?"

"అంతా నీలమే."

"పడవలున్నాయా?"

"ఓ, బోలెడు! ఇంజను పడవలు, బార్లు తీరి వెళ్తున్నాయి."

మావ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కోడి ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. తర్వాత మావ నవ్వడం మొదలుపెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"ఓలమ్మో! ఇంజన్లన్నీ ఒడ్డు మీద బోర్లా పడుకునుంటే బార్లు తీరి ఎల్లినవి ఎవులివే? వేట ఆపబట్టే గదా నాను నీతో వచ్చినాను!"

నేను సోషల్ టీచర్ని. నిషేధం గురించి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించినట్టు చెప్పించినదాన్ని. అబద్ధం కూడా పాఠం తప్పి చెప్పాను.

"తెల్లగా ఉంది గదా?" అన్నాడు మావ, నవ్వు తగ్గాక.

"నీకెలా తెలుసు?"

"ఈ నెల్లో సముద్రం మీద నుండి కొండ కనపడదు. కొండ మీద నుండి సముద్రం ఎలాగ కనపడతాదే?"

మా ఆయన నమలడం ఆపేశాడు.

"మరి ఎప్పుడు కనపడుతుంది మావా?"

"తుపాన్లన్నీ అయిపోయి గాలి ఉత్తరానికి తిరుగుతాది సూడు, మార్గశిరం అప్పుడు. మీ క్రిస్మస్‌కి ముందు. ఆ గాలి తిరిగిన మూడో రోజు పొద్దున్న, లోపల నుండి సూత్తే కొండ మీద సెట్లు కూడా లెక్కెట్టీవచ్చు."

పాస్టరు గారిని అడిగాను. పక్కింటావిడని, లెక్కల మాస్టారిని, తెలుగు టీచర్ని అడిగాను. ఫోన్లో మూడు వాతావరణం యాప్‌లు పెట్టుకున్నాను. ఆ కొండనీ గాలినీ చూసి ఏభై ఏళ్ళు బతికిన మనిషి మా ఇంట్లో కూర్చుని టీ తాగి వెళ్తుంటే, ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు.

"మూడేళ్ళుగా ఒక్క మాట చెప్పొచ్చు కదా మావా!" అన్నాను. గొంతు పెరిగింది. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకా పెరుగుతుంది.

"అందర్నీ అడుగుతున్నావు గదాని ఊరుకున్నాను. సదువుకున్నోళ్ళ లెక్కలు ఏటుంటాయో అనుకున్నాను."

"మరి కనపడదని తెలిసి ఇవాళ ఎందుకొచ్చావు?"

మావ నా బూటుకి కట్టిన తాడు చూస్తూ చెప్పాడు. "మీ ఇద్దరికీ ఖాళీ దొరికింది. నా మోకాళ్ళకి ఇంకా ఇంత దూరం దొరికింది. వచ్చే ఏడుకి ఏది దొరుకుతాదో ఎవులికి తెలుసు?"

"అయితే డిసెంబర్లో వద్దాం" అన్నాను.

"డిసెంబర్లో జీడిపప్పు పార్సిళ్ళు ఉంటాయి కదా, క్రిస్మస్, న్యూ ఇయర్..." అని మా ఆయన మొదలుపెట్టాడు. నేను చూసిన చూపుకి పనసపండు వెనక్కి జరిగాడు. కానీ నిజం చెప్పాలి. ఆ క్షణంలో నా నాలుక మీద కూడా ఒక వాక్యం సిద్ధంగా ఉంది. అర్ధ సంవత్సరం పరీక్షల పేపర్లు దిద్దాలి మావా అని. బయటికి రాకుండా మింగాను. మావ అది కూడా చూసేశాడు.

"నువ్వు రాలేవులే గానీ, వద్దాం అన్నావు సూడు, అది సాలు" అన్నాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. పిల్లకి సర్దిచెబుతున్నట్టు చెప్పాడు. దానికంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ రాళ్ళ మధ్యే ఫోన్ తీశాను. రెండు గీతల సిగ్నల్ ఉంది. మా హెడ్‌మాస్టారికి చేశాను. సెలవుల్లో, భోజనం చేసి పడుకున్న మనిషి గొంతుతో హలో అన్నారు.

"సార్, డిసెంబర్లో నాకు మూడు రోజులు సెలవు కావాలి. తేదీ ఇప్పుడే చెప్పలేను. గాలి తిరిగాక చెప్తాను. పరీక్షలున్నా సరే వెళ్తాను సార్."

"మే నెలలో డిసెంబరు సెలవేంటమ్మా?" ఆయన లేచి కూర్చున్నట్టున్నారు, గొంతులో కంగారు వినిపించింది. "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

నేను మావ వైపు చూశాను. పక్కకి తిరిగి, ఒక చేత్తో మోకాలు నొక్కుకుంటూ, రెండో చేత్తో గుడ్డు పెంకు తీస్తున్నాడు.

"ఇంకా బాగానే ఉన్నారు సార్" అన్నాను. "అందుకే అడుగుతున్నాను."